చేతుల మీద కూర్చున్న చెల్లెలు

నేను నిదానంగా మాట్లాడతాను. పుట్టుకతోనే నా కండరాలకూ నాకూ పొత్తు కుదరలేదు. చెయ్యి ఎటు పొమ్మంటే అటు పోదు. నాలుక ఇంకా మొండిఘటం, ఒక్క మాట బయటికి పంపాలంటే బతిమాలి బామాలి పంపాలి. తల మాత్రం గుర్రం. ఎదుటివాళ్ళు ఒకటి అనేలోపు నా దగ్గర నాలుగు జవాబులు సిద్ధంగా ఉంటాయి, వాటిలో రెండు మర్యాదస్తులు వినదగ్గవి కావు. అవన్నీ నాలుక దగ్గర బారులు తీరి నిలబడి, వంతు రాకుండానే ముసలివైపోతాయి.

తప్పు నాలుకదే అనుకునేరు. కాదు, మా చెల్లెలిది.

మా చెల్లెలికి ఆగడం తెలియదు. అమ్మ మమ్మల్నిద్దర్నీ చూసి, "ఒకత్తి నిదానమే ప్రధానం, ఇంకొకత్తి ఆలస్యం అమృతం విషం, మధ్యలో నా ప్రాణం తీస్తున్నారు" అనేది. నేను "నాకు" అనగానే చెల్లెలు మంచినీళ్ళ గ్లాసు నోటికి పెడుతుంది. మింగి మళ్ళీ "నాకు" అంటే దుప్పటి కప్పుతుంది. ఇంకోసారి అంటే కిటికీ మూస్తుంది. నేను చెప్పబోయింది పక్కింటి పిల్లి గురించి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అడగకముందే పెడతారు, వద్దన్నా ఆపరు.

టీ సంగతే చూడండి. నాకు టీలో చక్కెర ఇష్టం లేదు. చెల్లెలు రెండు చెంచాలు వేసి, కలిపి, ఊది, స్ట్రా పెట్టి ఇస్తుంది. ఒకసారి ఎలాగైనా చెప్పేద్దామని "టీలో" అని మొదలుపెట్టాను. "తక్కువైందా అక్కా?" అని ఇంకో చెంచా వేసింది. ఈ లెక్కన ఆ మాట ఎత్తినప్పుడల్లా ఒక చెంచా పెరిగేట్టుందని ఆ ప్రయత్నం మానుకున్నాను.

చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. ఇద్దరం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళం. నా చేతులు ఆడవు కాబట్టి నేను కొరికేదాన్ని. మాటల్లో మాత్రం ఎప్పుడూ అదే గెలిచేది, నేను మొదటి మాట దగ్గరే ఉంటే అది పదో మాట దాటిపోయేది. ఓడిపోయినా బాగుండేది. అమ్మ పోయాక చెల్లెలు మారిపోయింది. దానికి ప్రాణమైన ఈత మానేసింది. ఈత కళ్ళద్దాలు స్నానాల గది తలుపు వెనక మేకుకి తగిలించి మళ్ళీ ముట్టుకోలేదు. ఈతతో పాటు నాతో పోట్లాట కూడా మానేసింది. నేనేం చేసినా నవ్వుతుంది, కాఫీ గిన్నె తన్నేసినా "పోనీలే అక్కా" అంటుంది. దేవతైపోయింది. దేవతకి దండం పెట్టగలం కానీ దేవతతో పోట్లాడలేం. నాకు ఇంట్లో ఊపిరాడేది కాదు.

ఇలా ఉండగా మా వీధి చివర, లాండ్రీ పక్కన, ఒకప్పుడు సంగీతం బడి నడిచిన గదిలో ఒక శిక్షణ పెట్టారు. ఇంటింటికీ వెళ్ళి మాలాంటివాళ్ళకు తోడుగా పనిచేసేవాళ్ళకు ఆ పని నేర్పుతారట. మాలాంటివాళ్ళకు కాగితాల్లో ఏడాదికో కొత్త పేరు పెడుతుంటారు. నేను దేనికైనా పలుకుతాను, పలికేదాకా ఆగితే.

చెల్లెలు మొదటి రోజే చేరింది. శిక్షణ ఇచ్చేది ఒక రిటైరైన నర్సు. "ఆగమ్మా, కాస్త ఆగు" అని మాటకు ముందొకసారి, మాట తర్వాతొకసారి అంటుంది కాబట్టి మధ్యాహ్నానికల్లా ఆవిడ పేరు ఆగమ్మ అయిపోయింది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, పిలిస్తే పలుకుతుంది కూడా.

ముందు బొమ్మ మీద నేర్పారు. ఇనుప మంచం మీద పడుకోబెట్టిన నిలువెత్తు రబ్బరు బొమ్మ, ఎడమ కాలు పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. దాన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. చెల్లెలు పెద్దాయనను పక్కకు తిప్పి, కింది దుప్పటి లాగి, కొత్తది పరిచి, కాలు కూడా ఊడకుండా కుర్చీలోకి మార్చేసింది. చూసేవాళ్ళు రెప్ప వేసి తెరిచేలోపు అంతా అయిపోయింది.

"చేతులు బంగారం," అంది ఆగమ్మ. "పెద్దాయనకి ఏమీ అక్కర్లేదు కాబట్టి సరిపోయింది. రేపట్నించి నోరున్నవాళ్ళని తెస్తాను."

నోరున్నవాళ్ళంటే నేనూ, మా వీధి రేడియో మెకానిక్ మామయ్యా. మామయ్యకు చూపు లేదు, చిలిపితనం దండిగా ఉంది. నేర్చుకోవడానికి వచ్చిన ఒకాయన "దారి చూపిస్తా రండి" అని అడక్కుండానే మామయ్య మోచెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్ళాడు. మామయ్య కిక్కురుమనలేదు. చివరికి ఇద్దరూ చీపుర్లు పెట్టే గదిలో గోడకు ముక్కులానించి నిలబడ్డారు. "నువ్వు లాగుతున్నావు కదా నాయనా, దారి నీకు తెలుసనుకున్నా," అన్నాడు మామయ్య.

నా చక్రాల కుర్చీ దగ్గరకు ఒకావిడ వచ్చింది. ఏళ్ళ తరబడి బస్సులో కండక్టరుగా చేసి మానేసిన మనిషి, ఉద్యోగం వదిలినా గొంతు వదల్లేదు. వంగి నా మొహంలోకి చూసి, "ఎక్కడికండీ?" అంది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. నా చెవులు బాగానే పనిచేస్తాయని చెబుదామనుకున్నాను. కానీ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. ఎక్కడికి వెళ్ళాలని నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళైందో గుర్తు రాలేదు.

"కిటికీ... దగ్గరికి," అన్నాను. అనడానికి చాలాసేపు పట్టింది. కండక్టరమ్మ చెయ్యి కుర్చీ మీద వెయ్యకుండా నిలబడింది, ముసలమ్మ మెట్టెక్కేదాకా బస్సు ఆపినట్టు. మాట పూర్తయ్యాక "రైట్ రైట్!" అని తోసింది.

"ముందే ఎందుకు తొయ్యలేదు?" అని ఆగమ్మ అందరూ వినేలా అడిగింది.

"ఎక్కడికో అడక్కుండా టిక్కెట్ ఎట్లా కొడతామండీ?" అంది కండక్టరమ్మ.

టీ తెచ్చినప్పుడు కూడా అడిగింది, చక్కెర వెయ్యనా అని. నా ఆనందం ఏం చెప్పను! "వ" దాకా వచ్చాను. గదికి ఆ చివర పెద్దాయనకు చొక్కా తొడుగుతున్న చెల్లెలు అక్కడ్నించే, "మా అక్కకి రెండు చెంచాలండీ!" అని అరిచి, నమ్మకం చాలక పరుగెత్తుకొచ్చి, తనే వేసి కలిపింది. తాగాను. ఏం చేస్తాను?

ఆగమ్మ పద్ధతి ఒకటుంది. మనిషిని "ఏం కావాలి?" అని అడగాలి. అడిగి, రెండు చేతులూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చోవాలి. మాట పూర్తయ్యాకే లేవాలి. మధ్యలో మాట అందించకూడదు, ఊహించకూడదు, తల ఊపకూడదు. అందరికీ రెండు రోజుల్లో అలవాటైంది. మా చెల్లెలి చేతులు మాత్రం కలుగులోంచి ఎలకలు వచ్చినట్టు బయటికొచ్చేవి. "అక్కా, ఏం కావాలి?" అని అడిగే నోరు అడుగుతుండగానే చెయ్యి నా కాలరు సర్దుతూ ఉండేది.

"ఆగమ్మా," అనేది ఆగమ్మ.

"నాకు తెలుసండీ ఆవిడకేం కావాలో. మా అక్క కదా!"

"అదే నీ జబ్బు."

శిక్షణ చివర పరీక్ష. పాసైనవాళ్ళలో ఎవరు ఎవరి దగ్గర పనిచెయ్యాలో అప్పుడే తేలుస్తారు. "నేను మా అక్క దగ్గరే" అని చెల్లెలు ముందే ప్రకటించేసింది. ఆగమ్మ మనసులో వేరే ఉంది. ఈత కొలనులో పిల్లలకు ఒక తరగతి మొదలవుతోంది. కాళ్ళో చేతులో సరిగా ఆడని పిల్లలు, నీళ్ళలోకి దిగితే మాత్రం పట్టుకోలేమట. "చేపపిల్లల్లా జారిపోతారు. వాళ్ళ వెంటపడ్డానికి నీలాంటిదే కావాలి," అంది.

చెల్లెలి మొహం వెలిగింది. నేను కళ్ళారా చూశాను. మరుక్షణం తనే ఆర్పేసుకుంది. "మా అక్కని ఎవరికి వదిలెయ్యమంటారు?"

నేనేమన్నా కుక్కపిల్లనా? నాకు ఒళ్ళు మండిపోయింది. మంట కాస్త చల్లారాక బాధేసింది. నా పేరు చెప్పి అది తన ప్రాణాన్ని మేకుకి తగిలించేసుకుంటోంది, నాతో ఒక్క మాట అనకుండా. అప్పుడే నిశ్చయించుకున్నాను. పనులు తేలేలోపు దానికి చెప్పెయ్యాలి. నాకు పనికి నువ్వు వద్దు, నువ్వు కొలనుకి వెళ్ళు, నాకు కండక్టరమ్మ చాలు. ఇంతే మాట. మీరైతే చెప్పు తొడుక్కుంటూ చెప్పేస్తారు.

ఉదయం "నాకు నువ్వు" అని మొదలుపెట్టాను. "ఉన్నాను కదా అక్కా! ఎక్కడికీ పోను!" అని మెడ చుట్టూ చేతులేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోనీ తోకనుంచి వద్దామని "కొలనుకి" అన్నాను. "ఒళ్ళు చిరాగ్గా ఉందా? పద" అని స్నానం చేయించింది. అప్పటికే ఒకసారి అయింది. మర్నాడు "కండక్టరమ్మ" అన్నాను. "ఆవిడ గొంతుకి తలనొప్పి వస్తోందా? నే చెప్తాలే" అని నిజంగానే వెళ్ళి చెప్పింది. పాపం కండక్టరమ్మ ఆ రోజంతా గుసగుసలాడుతూ తిరిగింది. "రైట్ రైట్" కూడా చెవిలోనే చెప్పింది.

ఆ గుసగుసల మధ్యే ఆవిడకు నా సంగతంతా చెప్పుకున్నాను. ఓపిగ్గా వింది. విని, "నే చెప్పనా మీ చెల్లికి? బస్టాండ్ మొత్తం వినపడేలా చెప్తా," అంది. వద్దన్నాను. ఆగమ్మను అడిగాను, మీరు చెప్పండి అని. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నేను చెప్తే అది నా మాటవుతుంది. నీ మాట నువ్వే చెప్పుకో. రేపు పరీక్షలో దానికి పెద్దాయన్ని ఇవ్వట్లేదు, నిన్నే ఇస్తున్నా," అంది.

అక్కడే చిక్కొచ్చి పడింది. నా మాట ముగియకముందు చెల్లెలి చెయ్యి లేచిందా, పరీక్ష పోయినట్టే. ఇల్లూ లేదు, కొలనూ లేదు, మళ్ళీ శిక్షణ ఎప్పుడు పెడితే అప్పుడే. "నీళ్ళు" అని పొట్టి మాట అడిగితే అది గట్టెక్కుతుంది, గట్టెక్కి జీవితాంతం నా కాలరు సర్దుతూ కూర్చుంటుంది. పొడుగు మాట ఎత్తుకున్నానా, సగంలోనే దాని చెయ్యి లేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పరీక్ష రోజు పొద్దున్న నన్ను లాండ్రీ ముందు నుంచి తోసుకెళ్తూ చెల్లెలు, "అక్కా, చిన్నదేదైనా అడుగు, ఏం? నా తల్లివి కదూ," అంది. అది అంత భయపడగా ఎప్పుడూ చూడలేదు. నాకూ భయం వేసింది. సరే, నీళ్ళే అడుగుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

గదిలో అందరూ గోడ వారగా కూర్చున్నారు. పెద్దాయన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టారు, కాలు ఒళ్ళో పెట్టి. చెల్లెలు నా ఎదురుగా స్టూలు లాక్కుంది.

"అక్కా, ఏం కావాలి?"

అడిగి, చేతులు రెండూ కింద తోసుకుని వాటి మీద కూర్చుంది. భుజాలు బిగుసుకుపోయాయి. అప్పుడు నా కళ్ళలోకి చూసింది. అమ్మ పోయిన దగ్గర్నించి అది నా గడ్డం చూస్తుంది, కాలరు చూస్తుంది, దుప్పటి అంచు చూస్తుంది, కళ్ళలోకి చూడదు. దానికి తీరిక ఎక్కడిది? ఇప్పుడు చేతులకు పనిలేక చూసింది. ఆ చూపు చూశాక నీళ్ళు అడగబుద్ధి కాలేదు.

"నాకు," అన్నాను.

చెల్లెలి మోచేతులు అదిరాయి. అంతే, లేవలేదు.

"నువ్వు."

దాని పెదాలు కదిలాయి. ఉన్నాను కదా అక్కా అన్న మాట అక్కడిదాకా వచ్చి ఆగింది. నా నోటి పక్కనుంచి చొంగ కారడం మొదలైంది, ఇలాంటప్పుడు కారకపోతే దానికి తోచదు. ఏళ్ళుగా ఆ చుక్క గడ్డం చేరకముందే తుడిచే చెయ్యి చెల్లెలిది. చుక్క గడ్డం దాటింది. చెయ్యి రాలేదు. గోడ దగ్గర కండక్టరమ్మ అరవకుండా రుమాలు నోట్లో కుక్కుకుంది.

"వద్దు."

చెల్లెలి మొహంలో రక్తం లేదు. మాట అయిపోయిందో లేదో ఆగమ్మ చెప్పదు, అది కనిపెట్టాల్సింది చెల్లెలే. వాక్యం అక్కడికి ముగిసిపోయినట్టే ఉంది, ఎవరైనా లేచి వెళ్ళిపోవచ్చు. నా నాలుక సరిగ్గా అక్కడే మొరాయించింది. ఒక్క మాట, ఇంకొక్క మాట అని లోపల దాన్ని కొడుతున్నాను, తిడుతున్నాను, అది కదలదు. చెల్లెలి కళ్ళలో నీళ్ళు నిండి చెంపల మీదికి జారాయి. తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే చెయ్యి తియ్యాలి కదా. అలాగే నా కళ్ళలోకి చూస్తూ కూర్చుంది.

"పనికి," అన్నాను. "పోట్లాటకి... కావాలి."

చెల్లెలు ముక్కు ఎగబీల్చింది. "అయిపోయిందా అక్కా?" అని అడిగింది.

"ఇంకా... ఉంది."

రేడియో మామయ్య పకపకా నవ్వాడు. ఆగమ్మ ఆయన్ని కసిరింది. చెల్లెలు స్టూలు మీద సర్దుకుని, చేతులు తిమ్మిరెక్కాయేమో, వాటి మీదే అటూ ఇటూ ఊగింది. నేను తీరుబడిగా మిగిలినదంతా చెప్పాను. కొలను, పిల్లలు, కండక్టరమ్మ. ఒక్క మాటా అది అందించలేదు.

"ఇప్పుడైపోయిందా?"

"అయింది."

"పాస్," అంది ఆగమ్మ, కాగితం మీద గీత పెట్టి.

చెల్లెలు ఆ మాట విననే లేదు. "ఏం మాటలే ఇవి?" అని లంకించుకుంది. ఏళ్ళ తర్వాత నాతో ఏమే, ఒసే వరసలో మాట్లాడింది! "ఇన్నాళ్ళు నీకు చెయ్యడంలో నేనేం లోటు చేశానే? అంతమంది ముందు నన్ను వద్దంటావా? ఏం తక్కువైంది నా దగ్గర, చెప్పు!"

అని, చేతుల మీద గట్టిగా కూర్చుని, నా జవాబు కోసం ఆగింది. పరీక్ష అయిపోయిందని ఎవరూ దానికి గుర్తు చెయ్యలేదు.

"టీలో... చక్కెర," అన్నాను.

"చక్కెర తక్కువైందా?" అనబోయి నాలుక కరుచుకుంది. ఆగింది.

"నాకు... ఇష్టం... లేదు."

"చక్కెర ఇష్టం లేదా! ఎప్పట్నించి?"

"ఎప్పుడూ."

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. "మరి చెప్పొచ్చు కదే, మొద్దూ!" అంది చెల్లెలు. నేను మాట్లాడకుండా దాని మొహంలోకి చూస్తూ ఊరుకున్నాను. కాసేపటికి దానికే అర్థమైంది. ఎర్రబడిపోయింది.

మిగతావాళ్ళ పరీక్షలు పక్కన జరుగుతూనే ఉన్నాయి, మా పోట్లాటా జరుగుతూనే ఉంది. రెండో స్నానం గురించి, పక్కింటి పిల్లి గురించి, నేను కావాలనే తన్నిన కాఫీ గిన్నె గురించి. "కావాలనే తన్నావా!" అని అది అరిచిన అరుపుకి పెద్దాయన కాలు కిందపడింది. అది అడుగుతుంది, ఆగుతుంది, నేను చెబుతాను. నా తలలో బారులు తీరి నిలబడిన జవాబులన్నీ, మర్యాదస్తులు వినదగ్గనివి కూడా, ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. చిన్నప్పట్నించీ మాటల్లో ఓడిపోయినదాన్ని, ఆ రోజు గెలిచాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

అందరూ వెళ్ళిపోయారు. కండక్టరమ్మ పొద్దున్నే మా ఇంటికి వస్తానని వీధంతటికీ వినపడేలా చెప్పి మరీ వెళ్ళింది. ఆగమ్మ తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చెల్లెలు ఇంకా స్టూలు దిగలేదు. చెంపల మీద కన్నీళ్ళ చారలు ఎండిపోయి ఉన్నాయి.

"సరే," అంది. "రేపు కొలనుకి వెళ్తా. నా ఈత కళ్ళద్దాలు ఎక్కడున్నాయే?"

"స్నానాల గది... తలుపు... వెనక," అన్నాను. ఆ పూట నా నాలుక బాగా అలిసిపోయింది. మేకు అన్న మాటకు ఇంకాస్త సేపు పట్టింది.

అవి ఎక్కడున్నాయో దానికి తెలుసు. తగిలించింది అదే, రోజూ ఆ తలుపు తీసేదీ వేసేదీ అదే. అయినా అడిగింది. నేను మేకు అనేదాకా చేతుల మీంచి లేవలేదు.